లాభం దూడలో లేదు, తల్లిలో ఉంది

శుద్ధజాతి మంద మేలా, సంకరజాతి మంద మేలా అన్న వాదన ఎక్కడ మొదలైనా చివరికి కాటా దగ్గరికే చేరుతుంది. సంకర దూడ ఎంత తూగింది, శుద్ధజాతి దూడ ఎంత తూగింది అని అడుగుతారు. తేడా పదిహేను కిలోలుంటే ఒక పక్షం గెలిచినట్టు, రెండు కిలోలుంటే ఇంకో పక్షం గెలిచినట్టు. నా అభ్యంతరం ఈ కొలత మీదే. మాంసానికి దూడల్ని అమ్ముకుని బతికే మందలో సంకరం తెచ్చే లాభంలో పెద్ద వాటా కాటా ఎక్కదు. అది ఆబోతుకు విడిచిన వందలో ఎన్ని చూడి కట్టాయి, పుట్టినవాటిలో ఎన్ని నిలిచాయి, పదకొండో ఏట కూడా ఎన్ని ఆవులు ఈనుతున్నాయి అన్న లెక్కల్లో దాగి ఉంటుంది.

కాటా ఎందుకు మోసం చేస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక జాతి దూడలు పాలు మాన్పించేనాటికి సగటున 210 కిలోలు, ఇంకో జాతివి 230 కిలోలు తూగాయనుకోండి. రెంటి సగటు 220. ఆ రెండు జాతులనూ కలిపితే పుట్టిన దూడలు 231 తూగాయి. హెటరోసిస్, అంటే సంకర తేజం, ఎంతని లెక్కగట్టేది తల్లిదండ్రుల జాతుల సగటు మీద. 220 మీద 11 కిలోలు, అంటే 5%. పుస్తకాల లెక్కలో ఇది మంచి ఫలితమే. కానీ 230 కిలోల జాతిని పెంచుకునే రైతు కంటికి కనిపించేది ఒక్క కిలో. దాని కోసం రెండో కంచె, రెండో ఆబోతు, దూడ తండ్రి ఏ జాతో గుర్తుపెట్టే చెవి పోగుల గొడవంతా ఎందుకని అతను అడిగితే తప్పుపట్టలేం. దూడ బరువు ఒక్కటే లెక్కయితే అతనిదే సరైన మాట.

ఇప్పుడు తల్లి వైపు చూడండి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం ఫోర్ట్ రాబిన్సన్‌లో హియర్‌ఫర్డ్, ఆంగస్, షార్ట్‌హార్న్ జాతులతో ఏళ్ల తరబడి జరిగిన పరీక్షలు ఈ రంగానికి పునాది రాళ్లు. అక్కడ కొలిచింది దూడ బరువు ఒక్కటే కాదు, ఆబోతుకు విడిచిన ఒక్కో ఆవుకు చేతికొచ్చిన కిలోలు. శుద్ధజాతి ఆవుకు సంకర దూడ పుడితే ఆ లెక్క సుమారు 8.5% పెరిగింది. తల్లి కూడా సంకరమైతే దాని మీద మరో 14.8% చేరింది. మొత్తం 23% పైనే. మన మందకు అన్వయిస్తే, వంద ఆవులను విడిచి 85 దూడలు చేతికొచ్చి, ఒక్కోటి 220 కిలోలు తూగితే ఆవుకు 187 కిలోలు. దూడ ఒక్కటే సంకరమైతే అది 203 అవుతుంది. తల్లి కూడా సంకరమైతే 230. ఆ 43 కిలోల పెరుగుదలలో 27 తల్లి వాటా. పైగా సంకర ఆవు మందలో ఏడాదికి పైగా ఎక్కువ కాలం నిలిచింది, జీవితకాలంలో దాదాపు ఒక దూడ ఎక్కువ ఇచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ప్రతి శుద్ధజాతీ ఒకప్పుడు కొద్దిపాటి పశువులతో మొదలై, వంశావళి పుస్తకం మూసేసి, లోపల్లోపలే కట్టించుకుంటూ వచ్చింది. ఆ దారిలో కొన్ని చెడ్డ జన్యువులు జత కూడి స్థిరపడిపోతాయి. ఏ ఒక్కటీ ఎదిగిన పశువు ప్రాణం తీసేది కాదు. ఒకటి పిండాన్ని మూడో వారంలో జారవిడుస్తుంది, ఒకటి పుట్టిన దూడను లేచి నిలబడటంలో ఆలస్యం చేస్తుంది. ఇంకో జాతి ఇంకో దారిలో వచ్చింది కాబట్టి దాని లోపాలు వేరే చోట ఉంటాయి. రెంటినీ కలిపితే ఒకదాని లోపాన్ని ఇంకొకదాని మంచి జన్యువు కప్పేస్తుంది. సంకర తేజమంటే చాలామటుకు ఇదే. కొత్తగా వచ్చిన శక్తి ఏమీ లేదు, పోగొట్టుకున్నది తిరిగి రావడమే. అందుకే చూడి కట్టడం, దూడ బతకడం, ఆవు ఎక్కువ ఈతలు నిలవడం వంటి గుణాల్లో సంకరం ఎక్కువ పని చేస్తుంది. వీటిలో వారసత్వ వాటా చాలా తక్కువ, 10% అటూఇటూ. అంటే మంచి ఆవును ఎంచి ఎంచి ఈ గుణాల్ని పెంచాలంటే తరాలు పడుతుంది. ఎదుగుదలలో వారసత్వం 25 నుంచి 40%, సంకరం ఇచ్చేది మధ్యస్థం. మాంసంలో కొవ్వు పొరలు, కండ పరిమాణం వంటివాటిలో వారసత్వం 40% దాకానో ఇంకా పైనో ఉంటుంది. అక్కడ సంకరం చేసేది దాదాపు ఏమీ లేదు, ఆబోతు ఎంపికదే రాజ్యం.

కాబట్టి శుద్ధజాతికీ సంకరానికీ పోటీ పెట్టడమే అర్థం లేని పని. సంకరం చేయలేనిది ఎంపిక చేస్తుంది, ఎంపిక చేయలేనిది సంకరం చేస్తుంది. శుద్ధజాతి మందలు లేకపోతే కలపడానికి ఏమీ ఉండదు. నేను కాదంటున్నది ఒక్కటే: దూడలు అమ్ముకునే మందలో ఆవు శుద్ధజాతిది కావాలన్న పట్టుదల.

శుద్ధజాతి పక్షం చేతిలో గట్టి ఆయుధం ఒకటుంది, ఏకరూపత. కొనేవాడికి ఒకే రంగు, ఒకే సైజు, ఒకే వయసు దూడల గుంపు కావాలి, కలగాపులగం గుంపుకు ధర కోస్తాడు. నిజమే. కానీ ఆ కలగాపులగం ఎక్కడినుంచి వస్తుందో దగ్గరగా చూడాలి. నల్ల ఆంగస్ ఆబోతును ఎర్ర హియర్‌ఫర్డ్ ఆవుల మీద వేస్తే పుట్టే దూడలన్నీ నల్ల ఒళ్లు, తెల్ల మొహం. ఎరుపు మీద నలుపుది పైచేయి, మామూలు మొహం మీద తెల్ల మొహానిది పైచేయి, కొమ్ముల మీద బోడితనానిది పైచేయి. వంద దూడల్ని వరుసగా నిలబెడితే ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇక ఆ మొదటి తరం కోడెల్నే ఉంచుకుని, ఆ మొదటి తరం ఆవుల మీదే వేసి చూడండి. నాలుగింట ఒకటి ఎర్రగా పుడుతుంది. కొన్ని మొహాలు తెల్లగా, కొన్ని మచ్చలుగా, కొన్ని పూర్తి నల్లగా వస్తాయి. కొమ్ముల జాతి హియర్‌ఫర్డ్‌తో మొదలుపెట్టి ఉంటే కొన్నింటికి కొమ్ములు కూడా మొలుస్తాయి. సంకర తేజం కూడా సగానికి పడిపోతుంది. అంటే ఏకరూపతను చెడగొట్టింది సంకరం కాదు, సొంత మందలో పుట్టిన కోడెను ఆబోతుగా ఉంచుకోవడం. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగే సంకరానికి, లెక్క ప్రకారం చేసే సంకరానికి ఒకే పేరు ఉండటం మన దురదృష్టం.

ఇంకో తప్పు దీనికి సరిగ్గా ఎదురు దిశలో జరుగుతుంది. అమెరికాలో సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అనే మార్కు 1978లో మొదలైంది. ఆ మార్కుకు పరిశీలనకు రావాలంటే పశువు ఒళ్లు ప్రధానంగా నల్లగా ఉండాలి. నల్ల తోలుకు ధర పలికింది. సంకర మందలున్నవాళ్లు ఒక్కొక్కరే నల్ల ఆబోతునే మళ్లీ మళ్లీ కొన్నారు. మొదటి తరం ఆవుకు తండ్రి జాతి ఆబోతునే మళ్లీ వేస్తే దూడలో సంకర తేజం 50%, దాని కూతురికి వేస్తే 25%, మనవరాలికి 12.5%. ఏ ఒక్క ఏడూ ఏదీ కూలిపోదు. ఈ ఏడు రెండు ఆవులు ఎక్కువ తిరగపొర్లుతాయి, అంటే చూడి కట్టక మళ్లీ ఎదకొస్తాయి, పై ఏడు ఇంకో మూడు. మేత తక్కువైందనో, ఎండలు ముదిరాయనో, ఆబోతు బద్ధకస్తుడనో సర్దిచెప్పుకుంటారు. పదేళ్లలో మంద శుద్ధజాతిదైపోయిందని యజమానికే తెలియదు. దూడల ధరలో వచ్చిన ప్రీమియం కళ్లకు కనిపిస్తుంది, ఖాళీగా తిరిగే ఆవు తిన్న మేత కనిపించదు.

మరి తేజం పోకుండా ఏళ్ల తరబడి నడిచే పద్ధతి ఏది? అన్నిటికంటే సులువుగా నిలిచేది రెండు జాతుల వంతుల పద్ధతి. సూత్రం ఒక్క ముక్క: ఆవు తండ్రి ఏ జాతో, దానికి ఆ జాతి కాని ఆబోతును వేయాలి. మొదటి తరంలో సంకర తేజం 100%, రెండో తరంలో 50, మూడో తరంలో 75, తర్వాత 62.5, అలా ఊగి ఊగి 67% దగ్గర స్థిరపడుతుంది. మూడు జాతులతో అయితే 86%. ఆచరణలో దీనికి కావలసింది రెండు బీళ్లు, రెండు రంగుల చెవి పోగులు. పెయ్య దూడ పుట్టిన 24 గంటల్లోపే తండ్రి జాతిని బట్టి నీలం పోగో, పసుపు పోగో వేయాలి. ఎద కాలం మొదలయ్యే వారం ముందు మందను గేటు దగ్గర విడదీసి, నీలం పోగులన్నీ పసుపు జాతి ఆబోతు ఉన్న బీటిలోకి, పసుపు పోగులన్నీ నీలం జాతి ఆబోతు ఉన్న బీటిలోకి పంపాలి. 60 నుంచి 90 రోజుల తర్వాత ఆబోతుల్ని బయటికి తీస్తే మళ్లీ మందంతా ఒక్కటే.

వినడానికి ఇంతే. చెడేది చిన్నచిన్న చోట్ల. పోగు ఊడిపోతే తండ్రి ఎవరో రంగు చూసి చెప్పలేం, అందుకే రెండు చెవులకూ పోగులు వేయాలి, లేదా చెవి లోపల పచ్చబొట్టు పొడవాలి. కంచె తెగి ఆబోతు అవతలికి దూకితే ఆ ఏటి పెయ్యల్ని మందలోకి తీసుకోకూడదు, అమ్మేయాలి. కృత్రిమ గర్భధారణ చేసి, నిలవని ఆవుల కోసం చివర్లో వదిలే ఆబోతు ఇంకో జాతిదైతే, ఈనిన తేదీని బట్టి ఏ దూడ ఎవరిదో తేల్చాలి. రెంటి మధ్య రెండు వారాలైనా ఎడం ఉంచకపోతే తేలదు. అన్నిటికంటే పెద్ద తప్పు, రెండు జాతులూ సైజులో, పాలలో బాగా తేడా ఉన్నవి కావడం. వంతుల పద్ధతిలో ఆవుల్లో ఒక జాతి వాటా మూడింట ఒకటి నుంచి మూడింట రెండు దాకా ఊగుతుంది. ఒకటి భారీ జాతి, ఇంకోటి చిన్న జాతి అయితే ఒక తరం ఆవులకు మేత చాలదు, ఇంకో తరం ఆవులకు ఈత కష్టం. ఇక్కడ జాతులు కవలల్లా సరితూగాలి. వైవిధ్యం వెతకాల్సిన చోటు ఇది కాదు.

వైవిధ్యానికి చోటు చివరి ఆబోతు దగ్గర. మధ్యస్థ సైజు సంకర ఆవులకు షరొలే లాంటి కండపుష్టి జాతి ఆబోతును వేసి, పుట్టిన దూడల్ని ఆడా మగా చూడకుండా అన్నిటినీ అమ్మేయడం. ఆవులో, దూడలో పూర్తి తేజం. మేత తినేది చిన్న ఆవు, అమ్మేది పెద్ద దూడ. కాగితం మీద దీన్ని మించిన పద్ధతి లేదు. చిక్కు ఒక్కటే, మందలోకి కొత్త పెయ్యలు ఎక్కడినుంచి? ఏటా 15 నుంచి 20% ఆవుల్ని మార్చాలి. వాటిని సొంతంగా పుట్టించుకోవాలంటే మందలో సగం దాకా ఆ పనికే కేటాయించాలి. కాబట్టి మొదటి తరం పెయ్యల్ని నమ్మకమైన మంద నుంచి కొనుక్కోగలిగేవాళ్లకే ఇది. ఇంకో దారి, వయసులో ఉన్న ఆవుల్ని వంతుల పద్ధతిలో ఉంచి పెయ్యలు తీసుకోవడం, మూడు నాలుగు ఈతలు దాటినవాటిని మాత్రమే చివరి ఆబోతుకు విడవడం. ఈ పద్ధతిని కూల్చేది మనిషి మనసు. చివరి ఆబోతుకు పుట్టిన పెయ్య నిగనిగలాడుతూ, అందరికంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాన్ని అమ్మబుద్ధి కాదు. ఉంచుకుంటూ పోతే కొన్నేళ్లలో మందంతా భారీ ఆవులే.

భారీ ఆవు ఖరీదెంతో లెక్క ఉంది. పశువు ప్రాణం నిలుపుకోవడానికి కావలసిన శక్తి బరువుతో సమానంగా పెరగదు, బరువు 0.75 ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 500 కిలోల ఆవు కంటే 600 కిలోల ఆవు బరువులో 20% ఎక్కువ, మేతలో సుమారు 15% ఎక్కువ. వంద చిన్న ఆవులు బతికే గడ్డి మీద 87 పెద్ద ఆవులే బతుకుతాయి. చిన్న ఆవు 230 కిలోల దూడనిస్తే, పెద్దది 264 కిలోల దూడనిస్తేనే సరికి సరి. ఆ 34 కిలోలు ఇచ్చే పెద్ద ఆవులు చాలా తక్కువ. పాలెక్కువ ఉన్న జాతులదీ ఇదే కథ. మేత పుష్కలంగా ఉన్నచోట పాలు దూడకు పోతాయి. మేత కరువైనచోట ఆవు ఒంట్లో కొవ్వు కరిగి పాలవుతుంది, ఎద రాదు. 283 రోజులు చూలు మోసే ఆవు ఏడాదికొక దూడ ఇవ్వాలంటే ఈనిన 82 రోజుల్లో మళ్లీ కట్టు నిలవాలి. చిక్కిపోయిన ఆవుకు ఆ గడువు చాలదు.

తొలిచూలు పెయ్యల విషయంలో మాత్రం బేరం లేదు. పెద్దయ్యాక ఉండబోయే బరువులో 60 నుంచి 65% వచ్చాకే ఆబోతుకు విడవాలి, వేసే ఆబోతు సులువు ఈతకు పేరున్నదై ఉండాలి. మూపురం జాతులు కలిసినప్పుడు ఏది తల్లి, ఏది తండ్రి అన్నది కూడా చూడాలి. బ్రాహ్మన్ ఆబోతును మూపురం లేని జాతి ఆవు మీద వేస్తే దూడలు, ముఖ్యంగా కోడెలు, బాగా బరువుగా పుడతాయి. అదే తిరగేసి, బ్రాహ్మన్ ఆవు మీద మూపురం లేని జాతి ఆబోతును వేస్తే దూడ చిన్నగా పుడుతుంది. జన్యువులు అవే, ఫలితం వేరు. ఈత మొదలయ్యాక నీటి తిత్తి కనిపించి, పెయ్య అయితే గంట, ముదురు ఆవు అయితే అరగంట గడిచినా ముందుకు కదలకపోతే ఇక ఎదురుచూడకుండా చేయి పెట్టి చూడాలి.

మూపురం జాతుల ప్రస్తావన వచ్చింది కాబట్టి, వేడి ప్రాంతాల్లో అసలు వాదనే మారిపోతుంది. అక్కడ మూపురం జాతినీ మూపురం లేని జాతినీ కలిపితే వచ్చే తేజం రెండు యూరప్ జాతుల కలయిక కంటే చాలా ఎక్కువ. ఆ రెండు వంశాలూ ఎప్పుడో విడిపోయాయి. మన ఒంగోలు గిత్త సముద్రం దాటి వెళ్లి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో ఆ దేశపు మాంసపు మందలకు వెన్నెముకైంది. ఇప్పుడు అక్కడే నెలోర్ ఆవులకు ఆంగస్ వీర్యంతో కృత్రిమ గర్భధారణ పెద్ద ఎత్తున చేస్తున్నారు. ఎండను, గోమార్లను తట్టుకునే గుణం తల్లి ఇస్తుంది, త్వరగా ఎదకు రావడం, మెత్తని మాంసం తండ్రి ఇస్తాడు. మూపురం జాతి వాటా పెరిగేకొద్దీ మాంసం గట్టిపడుతుంది. కండను మెత్తబరిచే ఎంజైమును అడ్డుకునే కాల్పాస్టాటిన్ వాటిలో ఎక్కువ కావడం ఇందుకు ఒక కారణం. అందుకే ఎండ ఎంత ఉందో అంత వాటాయే పెట్టుకోవాలి.

ఒకే ఆబోతుతో నడిచే చిన్న మందకు వంతులు కుదరవు. వాళ్లకు నా ఓటు మిశ్రమ జాతులకు. బ్రాంగస్‌లో ఆంగస్ 5/8, బ్రాహ్మన్ 3/8. టెక్సస్ కింగ్ రాంచ్‌లో రూపుదిద్దుకున్న శాంటా గెర్ట్రూడిస్‌లో షార్ట్‌హార్న్ 5/8, బ్రాహ్మన్ 3/8. ఇలాంటి మిశ్రమంలో ఎంత తేజం నిలుస్తుందో తెలుసుకోవడానికి ఒక్కో జాతి వాటాను వర్గం చేసి, అన్నీ కూడి, ఒకటిలోంచి తీసేయాలి. 5/8, 3/8 అయితే 47%. నాలుగు జాతులు సమానంగా ఉంటే 75%. శుద్ధజాతి మందలాగే ఒక బీటిలో, ఒక ఆబోతుతో నడుస్తుంది, ఏ తరమూ ఊగదు. షరతు ఒకటే, కూతుళ్లు ఎదకొచ్చే లోపు ఆబోతును మార్చాలి. తండ్రినీ కూతుర్నీ కలిపితే పుట్టే దూడలో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలవడం, 25%, తండ్రి ఒక్కటై తల్లులు వేరైన తోబుట్టువుల్ని కలిపితే 12.5%. తెచ్చుకున్న తేజాన్ని ఆ ఒక్క నిర్లక్ష్యం తినేస్తుంది.

ఏ పద్ధతైనా ఆబోతు చెత్తదైతే సంకరం దాన్ని కాపాడలేదు. రికార్డులున్న ఆబోతునే కొనాలి. ఈపీడీ అంటే దాని దూడలు సగటున ఎంత తేడా చూపుతాయన్న అంచనా. ఒకే జాతిలో పాలు మాన్పించే బరువుకు ఒక ఆబోతు అంకె ఇంకోదాని కంటే 10 కిలోలు ఎక్కువైతే, దూడల సగటులో అంత తేడా ఆశించవచ్చు. ఆస్ట్రేలియాలో ఇచ్చే ఈబీవీ దీనికి రెట్టింపు, సగం చేసుకుని చదవాలి. ఆంగస్ అంకెనూ సిమెంటల్ అంకెనూ నేరుగా పోల్చకూడదు, జాతుల మధ్య సవరణ అంకెలు వేరే ఉంటాయి. వృషణాల చుట్టుకొలత 15 నెలల లోపు కోడెకు 30 సెంటీమీటర్లకు తగ్గితే, ఎంత వంశమున్నా వదిలేయడమే. కుర్ర ఆబోతుకు దాని వయసు నెలల్లో ఎంతో అన్ని ఆవులు, ముదిరినదానికి 25 నుంచి 30.

శుద్ధజాతి ఆవులే ఉండాల్సిన మందలు లేకపోలేదు. ఆబోతుల్ని అమ్మేవి, జాతి పేరు మీదే ఎక్కువ ధర రాసుకున్న ఒప్పందాలున్నవి, ఇతర జాతులు బతకలేనంత కఠినమైన చోట్ల ఒక్క జాతి మీదే నిలబడ్డవి. మిగతావాళ్లు శుద్ధజాతిని ఎంచుకుంటే అది ఇష్టం, లెక్క కాదు.

మార్చాలనుకున్నవాళ్లు కాలాన్ని ముందే లెక్కేసుకోవాలి. ఈ ఏడు రెండో జాతి ఆబోతును వదిలితే, వచ్చే ఏడు సంకర దూడలు పుడతాయి. వాటిలో పెయ్యలు 15 నెలలకు ఎదకు విడిస్తే ఇప్పటినుంచి మూడేళ్లకు ఈనుతాయి. వందలో ఏటా 17 ఆవుల్ని మారుస్తూ పోతే మందంతా సంకర తల్లులయ్యేసరికి ఎనిమిదేళ్లు. మొదటి కాపులో వచ్చేది ఆ 8.5% మాత్రమే, అందులోనూ సగం కాటాకు కనిపించదు. ఇంతేనా అని రెండో ఏడే పాత జాతి ఆబోతును తెచ్చి వదిలేవాళ్లు, ఇంకా ఈననైనా ఈనని ఆ పెయ్యల్ని దూడల ధరకే అమ్మేస్తారు.